దద్దోజనం గిన్నె

న్యూజిలాండ్‌లో, న్యూ లిన్ అనే పేటలో మా ఫ్లాట్ బాల్కనీలో ఏడాదిపాటు ఒక గిన్నె ఉంది. నల్ల చెత్తసంచిలో చుట్టి, పైన ఇటుక పెట్టిన పెద్ద స్టీలు గిన్నె. ఆ ఫ్లాట్‌లో గది తీసుకున్న మొదటి వారంలోనే, గాలి అటునుంచి వీచినప్పుడల్లా వచ్చే వాసన భరించలేక, దాన్ని పడేద్దామా అని మెల్లగా అడిగాను.

"ముట్టుకోకు," అంది అమూల్య. "అది రమామణి ఆంటీ కడగాలి. తన చేత్తో. నలుగురూ చూస్తుండగా."

ఫ్లాట్ ఆమెది. నేను అద్దెకున్నదాన్ని. నా గది కిటికీ మూసుకున్నాను.

అమూల్యది ఖమ్మం. అక్కడ పళ్ళ డాక్టరు చదువు పూర్తి చేసింది. ఆ డిగ్రీతో ఇక్కడ ఒకరి పన్ను ముట్టుకోవాలన్నా మళ్ళీ పెద్ద పరీక్షలు రాయాలి. అందుకని, ఆమెలాంటివాళ్ళు చాలామంది చేసినట్టే, ప్రజారోగ్యంలో మాస్టర్స్‌కి చేరింది. ఒక జబ్బు ఊళ్ళో ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు అని ఆరా తీసే ఎపిడెమియాలజీ ఆ కోర్సుకి వెన్నెముక. శని, ఆదివారాలు మాత్రం ఆమె వంటలు చేసేది. వాళ్ళమ్మ చర్చి విందులకి వండుతుంటే పక్కన నిలబడి నేర్చుకున్న చెయ్యి. రెండువందల మందికైనా తొణక్కుండా వండుతుంది.

పొట్టి మనిషి. గట్టి గొంతు. పడ్డ మాట మరిచిపోదు. ఏడో తరగతిలో తన తలలో పేలున్నాయని క్లాసంతా చాటిన అమ్మాయి పెళ్ళికి, పదిహేనేళ్ళ తర్వాత, రంగుకాగితంలో చుట్టిన పేనుదువ్వెన కానుకగా ఇచ్చి వచ్చిందట. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు నవ్వలేదు కూడా. ఏదో చిన్న బాకీ తీర్చినట్టు చెప్పింది.

గిన్నె కథ ఇది.

న్యూజిలాండ్‌లో తెలుగువాళ్ళ పండుగలన్నీ శనివారమో ఆదివారమో వస్తాయి. కార్తీక సోమవారం కూడా ఆదివారమే. ఆ ఏడు శాండ్రింగ్‌హామ్ అనే పేటలో ఒక హాలు తీసుకుని, తెలుగు సంఘంవాళ్ళు శివుడికి అభిషేకం, తర్వాత సామూహిక భోజనాలు పెట్టుకున్నారు. సంఘం అధ్యక్షుడు రామలింగేశ్వరరావు ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారంలో ఉన్నాడు. ఆయన భార్యే రమామణి. ఇద్దరిదీ తెనాలి వైపు. వంట అమూల్యకి అప్పగించారు. ఆమె పొద్దున్నే తన గిన్నెలతో వచ్చి హాలు వెనక వంటగదిలో చేరింది. పులిహోర, గుత్తివంకాయ, ముద్దపప్పు, చివర దద్దోజనం. భోజనాల వేళ అందరూ ఆహా అన్నారు.

మూడో రోజు నుంచి ఒక్కొక్కరే మంచం పట్టారు. జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాల్లో రక్తం. రమామణి మనవడు బంటి, ఐదేళ్ళవాడు, ఆసుపత్రిలో చేరాడు. పరీక్షల్లో కాంపైలోబాక్టర్ అనే క్రిమి బయటపడింది. ఆ క్రిమికి కోడిమాంసం పుట్టిల్లు లాంటిది. ప్రజారోగ్య శాఖ నుంచి ఒకావిడ జబ్బుపడ్డవాళ్ళందరికీ ఫోన్లు చేసి ఏం తిన్నారని అడిగింది. అందరూ సంఘం భోజనమే చెప్పారు. ఆ గిన్నెల్లో ఈమధ్య కోడికూర వండావా అని అమూల్యని అడిగింది. అంతకుముందు రోజే ఒక పుట్టినరోజుకి బిర్యానీ చేశానని అమూల్య ఉన్నమాట చెప్పింది. చివరికి, మూలం ఏదో తేలలేదని ఆ శాఖ ఊరుకుంది.

సంఘం ఊరుకోలేదు. రమామణి సంఘం వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పెట్టింది. అమూల్య దాన్ని ఫోన్‌లో దాచుకుని నాకు చాలాసార్లు వినిపించింది.

"పేరు చూసి మనవాళ్ళే అనుకున్నానండీ. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళని తర్వాత తెలిసింది. కోళ్ళు కోసిన చేతులతోనే దేవుడి భోజనం వండి పెట్టిందండీ. మా బంటిగాడు నెత్తురు పోసుకుంటున్నాడు. ఆ చేతులు పడిపోనూ!"

తర్వాతి ఆదివారం సృజన్ అని సంఘంలో పనులు చూసే అతను, హాల్లో ఉండిపోయిన దద్దోజనం గిన్నె తెచ్చి, వానలో, మా బిల్డింగ్ మెట్ల మీద పెట్టాడు. మూత తాడుతో కట్టి ఉంది. లోపల అడుగు బొడుగు దద్దోజనం అలాగే ఉంది.

"కనీసం కడగలేదేంటి సృజన్?" అని అమూల్య అడిగితే, అతను నేల చూపులు చూస్తూ అన్నాడట. "ఆంటీ వద్దన్నారండీ. ముట్టుకుంటే మాకూ అంటుకుంటుందని."

ఆ క్రిస్మస్‌కి ఆమె వెళ్ళే చర్చివాళ్ళు కూడా బిర్యానీ వేరొకరికి చెప్పారు. "ఏమనుకోకు సిస్టర్, పిల్లలుంటారు కదా," అన్నారు. శివుడి దగ్గర మొదలైన మాట ఏసు దగ్గరిదాకా నడిచొచ్చింది.

మొదట్లో అమూల్యకి తన మీద తనకే అనుమానం. ఆ ఉదయం తన చేతులు ఏమేం ముట్టుకున్నాయో, ఏ గరిటె ఎందులోంచి ఎందులోకి వెళ్ళిందో తలుచుకుంటూ కూర్చునేదట. గిన్నెలు మరిగే నీళ్ళతో కడిగాను, దద్దోజనంలో అన్నం ఉడికిందే, పెరుగు ప్యాకెట్‌దే. మరి? జవాబు దొరక్క, పిల్లల పిప్పిపళ్ళ మీద రాయాల్సిన సిద్ధాంత వ్యాసం మానేసి, ఈ జబ్బు మీదే రాస్తానని తన పర్యవేక్షకురాలు హెలెన్ దగ్గరికి వెళ్ళింది.

"ఎందుకు మార్చుకుంటున్నావు?" అని అడిగిందట హెలెన్.

"ఆసక్తి."

"ఆసక్తి ఉన్నవాళ్ళ మొహం ఇలా ఉండదు, అమూల్యా."

అంతా విన్న తర్వాత హెలెన్ ఒప్పుకుంది. కానీ రెండు షరతులు పెట్టింది. వంట చేసింది తనేనని అమూల్య మొదటి పేజీలోనే రాయాలి. ఎవరితో మాట్లాడినా పక్కన మూడో మనిషి ఉండాలి. ఆ మూడో మనిషిని నేనయ్యాను. సాహిత్యం చదువుతూ ఇంట్లోంచి కదలని నాకు అదొక శిక్షే. ఒక మూల కూర్చుని, వినిపించింది వినిపించినట్టు రాసేదాన్ని.

"మన పనిలో దోషులు ఉండరు, కారణాలే ఉంటాయి అంటుంది హెలెన్," అని కారు నడుపుతూ చెప్పింది అమూల్య. "ఆవిడకి రమామణి ఆంటీ తెలీదు."

జూన్‌లో మొదలయ్యే ఇక్కడి శీతాకాలమంతా తిరిగాం. తలుపు తీసినవాళ్ళు తీశారు, తీయనివాళ్ళు తీయలేదు. తీసినవాళ్ళు కూడా ఒకటే పాట. అన్నీ తిన్నాం. పంక్తిలో కూర్చున్నాక అన్నీ తినకుండా లేస్తారా? అందరూ అన్నీ తింటే, జబ్బు దేనివల్లో ఎలా విడదీయాలి? పైగా నెలలు గడిచేకొద్దీ జనం ముక్కులు పదునెక్కాయి. "నాకు అప్పుడే ఆ దద్దోజనం వాసన తేడాగా అనిపించిందమ్మా," అన్నారు, ఆరోజు మారు వడ్డించుకున్నవాళ్ళు. అమూల్య పళ్ళు కొరుక్కుంటూ, "థాంక్యూ అంకుల్," అని లేచేది.

ఒకరోజు విష్ణు దొరికాడు. సిటీ బస్సు నడుపుతాడు. ఆ ఆదివారం డ్యూటీ దిగి, పూజంతా అయ్యాక, తిన్నగా భోజనానికే వచ్చాడట.

"నాకేం కాలేదు అక్కా. రెండుసార్లు వేసుకున్నా నీ దద్దోజనం. బాక్సులో ఇంటికి కూడా పట్టుకెళ్ళా. చూడు, రాయిలా ఉన్నా."

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"జబ్బు పడ్డవాళ్ళనే అడిగారు కదా అక్కా. నేను పడలేదుగా."

హెలెన్ ఈ మాట విని ఎగిరి గంతేసిందట. ఇలాంటి ఎదురుమనుషులు కావాలి, అందిట. తిని బాగున్నవాళ్ళు, తినకుండా జబ్బుపడ్డవాళ్ళు. ఏం తిన్నారని అడగకు, పొద్దున లేచినప్పటి నుంచి ఆ రోజు కథ చెప్పమను, చేతులు ఏం చేశాయో చెప్పమను, అని ఉపాయం చెప్పింది.

అలా లక్ష్మీబాయి ఇంటికి వెళ్ళాం. శాండ్రింగ్‌హామ్‌లోనే, ఇండియా సరుకుల కొట్ల వెనక వీధిలో, కొడుకు విఠల్ దగ్గర ఉంటుందావిడ. నిజామాబాద్ వైపు మనిషి. డెబ్బై దాటింది. ఆవిడకి గట్టిగానే జబ్బు చేసిందని మాకు తెలుసు.

"నేనా? నేనేం తినలే బిడ్డా," అంది. "ఉపాసముంటి. గీళ్ళ సోమారం ఆదివారమొచ్చినా నా ఉపాసం నాదే. చుక్కలు జూసినంకనే తింట. ఈ దేశంల చుక్కలు తొమ్మిది దాటితె గాని పొడవయ్! ఇంట్ల నేను వండుకున్నదే తిన్న."

అమూల్య నా వైపు చూసింది. ఆమె వంట ముట్టని మనిషి. అయినా జబ్బు పడింది.

"అమ్మా, ఆరోజు లేచినప్పటి నుంచి ఏమేం చేశారో ఒక్కొక్కటే చెప్తారా? మీ చేతులతో ఏం చేశారు?"

"ఏం జేస్త? తలకు బోసుకున్న. దీపం పెట్టిన. విఠల్ కారుల తోల్కొచ్చిండు. అభిషేకం జూసిన. తీర్థం తీసుకున్న, చెయ్యి నెత్తికి రాసుకున్న. పువ్వు చెవుల వెట్టుకున్న..."

"తీర్థం అంటే? నీళ్ళా?"

లక్ష్మీబాయి ఆమెను జాలిగా చూసింది. "నీళ్ళేంది బిడ్డా? పంచామృతం. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర. దేవుని మీదికెళ్ళి జారింది చేతుల వోస్తరు. రామలింగేశ్వరరావు సారు తానే ఫారం కాడికి వొయ్యి తెచ్చిండు పాలు. కాచినయి అభిషేకానికి పనికిరావంట. పచ్చియే పొయ్యాలె."

అమూల్య ముందుకి వంగింది. "మరి ఇందాక ఏమీ తినలేదన్నారు?"

"తినలే. తీర్థం తీసుకునుడు తినుడైతదా?"

అమూల్య ఏనాడూ తీర్థం తీసుకున్న మనిషి కాదు. ఆ పూజ జరుగుతున్నంతసేపూ వెనక వంటగదిలో తాలింపులు పెడుతోంది. తీసుకున్న రెండువందల మందికీ అది తిండి కాదు. దేవుడి దగ్గర పుచ్చుకున్నది. ఏం తిన్నారని అడిగితే చెప్పే మాటే కాదు. అబద్ధం ఎవరూ చెప్పలేదు.

కారులో కూర్చున్నాక అమూల్య తాళం తిప్పలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, "నా చేతులు," అంది. మళ్ళీ, "నా చేతులు పడిపోవాలన్నది," అంది. అంతే.

తిరిగిన ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాం. ఈసారి, ఎందుకో చెప్పకుండా, తీర్థం తీసుకున్నారా అని ఒకటే ప్రశ్న. "అయ్యో, అదీ చెప్పాలా?" అన్నారందరూ. తీర్థం తీసుకోకుండా ఆలస్యంగా భోజనానికి మాత్రమే వచ్చినవాళ్ళలో ఒక్కరికీ జబ్బు చేయలేదు. జబ్బుపడ్డ ప్రతి ఒక్కరూ తీర్థం తీసుకున్నవాళ్ళే. రామలింగేశ్వరరావు ముందురోజు పాలు తెచ్చి, కారు డిక్కీలో చిల్లీ బిన్ అనే ఐసు పెట్టెలో ఉంచి, మర్నాటికి హాలుకి చేర్చాడని, ఆవుల పక్కన నవ్వుతూ ఫోటో కూడా పెట్టుకున్నాడని సంఘంలో అందరికీ తెలుసు.

"పాల నమూనా లేదు," అంది హెలెన్. "కాబట్టి ‘అయి ఉండవచ్చు’ అనే రాయాలి."

ఆ మాట మీద అమూల్య ఇంట్లో అగ్గిమీద గుగ్గిలమైంది. "నా మీద వేసినప్పుడు ఒక్కరైనా ‘అయి ఉండవచ్చు’ అన్నారా?" అయినా అలాగే రాసింది.

ఇక్కడ ఒక సమాజం గురించి పరిశోధన చేస్తే, తేలిన సంగతి తిరిగి ఆ సమాజానికే వెళ్ళి చెప్పాలనే పద్ధతి ఉంది. హెలెన్ సంఘానికి రాసింది. యూనివర్సిటీ పేరు చూసి రామలింగేశ్వరరావు ఉబ్బిపోయాడు. ఆరోగ్య సదస్సు అని, తన నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ కట్టించాడు. మాట్లాడబోయే విద్యార్థిని ఎవరో సభకి రెండు రోజుల ముందుగానీ చూసుకోలేదు. అప్పటికి అందరినీ పిలిచేశాడు.

ముందురోజు సాయంత్రం అమూల్య చీర ఇస్త్రీ చేసుకుంటుంటే ఒక మాట అడిగాను. "బంటికి తీర్థం పోసింది వాళ్ళ నానమ్మేనని ఆ ఇళ్ళల్లో విన్నాం కదా. అది నలుగురిలో ఎందుకు? ముందు ఆవిడకి విడిగా చెప్పొచ్చుగా?"

ఇస్త్రీపెట్టె ఆగలేదు. "నాకు విడిగా చెప్పారా?"

సభ అదే హాల్లో. ముందు వరసలో రమామణి, పక్కన బంటి. ఇప్పుడు బొద్దుగా, కాళ్ళూపుతూ ఉన్నాడు. హెలెన్ నా పక్కన కూర్చుంది. అమూల్య మైకు తీసుకోగానే గుసగుసలు లేచాయి. ఆమె పట్టించుకోలేదు.

"పోయిన కార్తీకంలో ఇక్కడికి వచ్చినవాళ్ళని ఒకటి అడుగుతాను. ఆరోజు భోజనానికి ముందు, ఈ హాల్లో ఏమైనా తిన్నవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"తీర్థం తీసుకున్నవాళ్ళు?"

హాలంతా చేతులే. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు. రమామణి తన చెయ్యెత్తి, రెండో చేత్తో బంటి చెయ్యి కూడా పైకి లేపింది. "వీడికి నేనే పోశాను, మూడుసార్లు!" అంది మురిపెంగా.

"దించకండి. తర్వాత జబ్బు చేయనివాళ్ళు మాత్రం దించండి."

కొన్ని చేతులు దిగాయి. చాలా నిలిచాయి. బంటి చెయ్యి నిలిచింది.

"ఇక దించండి. తీర్థం తీసుకోకుండా నా వంట మాత్రమే తిన్నవాళ్ళు ఎవరు?"

వెనక వరసల్లో ఆలస్యంగా వచ్చే అలవాటున్నవాళ్ళు లేచారు. "ఎవరికైనా జబ్బు చేసిందా?" అంటే తలలు అడ్డంగా ఊపారు. "నేను రెండుసార్లు వేసుకున్నా!" అని అరిచాడు విష్ణు. నవ్వులు లేచి, సగంలో ఆగిపోయాయి. జనానికి అర్థమవుతోంది.

పచ్చిపాలలో ఏ క్రిములుంటాయో, అవి పసిపిల్లలనీ ముసలివాళ్ళనీ ఎలా పట్టుకుంటాయో అమూల్య నెమ్మదిగా చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. "కారణం ఆ పాలు అయి ఉండవచ్చు," అంది. ఆ చివరి రెండు మాటలూ ముందు వరసలోకి చూస్తూ అంది.

రమామణి లేచి నిలబడింది. మొహం కందిపోయింది. "తీర్థం మీద నింద వేస్తావా? దేవుడి తీర్థం! దాని విలువ నీకేం తెలుసు? నువ్వెవరు చెప్పడానికి?"

హాలు అటూ ఇటూ ఊగింది. అవునవునని ఎవరో అన్నారు. అమూల్య మైకు మీద చెయ్యి బిగించింది. ఆ ఒక్క క్షణంలో ఏడాది పనీ బూడిదవుతుందనిపించింది నాకు.

అప్పుడు లక్ష్మీబాయి కుర్చీ పట్టుకుని లేచింది.

"ఏందే రమామణీ, గట్లంటవ్? నేను ఆ పిల్ల వంట మెతుకు ముట్టలే. చుక్కలు పొడిచెదాక ఉపాసమున్న. మరి నాకెందుకు వట్టింది?" సభ వైపు తిరిగింది. "శివునికి పచ్చియే పొయ్యి, ఎవరొద్దన్నరు? ఆయన విషమే తాగిండు, ఆయనకేమైతది! మనుషులకిచ్చేటియి కాచియ్యాలె గదా."

ఎవరో చప్పట్లు కొట్టారు. రమామణి కూర్చోలేదు, నిలబడలేదు. బంటి వైపు చూసి, వాడి చెయ్యి వదిలేసింది.

రామలింగేశ్వరరావు వేదిక పక్కకి వచ్చాడు. "అమ్మా అమూల్యా, లోపలికి వెళ్ళి మాట్లాడుకుందాం, రామ్మా."

"బయటే అన్నారు కదా అంకుల్. బయటే అనండి." మైకు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అమూల్య గారి వంట వల్ల కాదని... ఆమెకి మా వల్ల కష్టం కలిగిందని... సంఘం తరఫున చింతిస్తున్నాం." ఇంకా ఏదో అనబోయి, తన ఫ్లెక్సీ వైపే ఒకసారి చూసి, దిగిపోయాడు.

నేను అంతటితో అయిపోయిందనుకున్నాను. అమూల్య కారు దగ్గరికి వెళ్ళి, నల్ల సంచి తెచ్చింది.

టీ కోసం జనం వంటగది కిటికీ ముందు వరస కట్టి ఉన్నారు. లోపల రమామణి బిస్కెట్లు సర్దుతోంది. అమూల్య గిన్నెను సింకులో దించి, తాడు విప్పి, మూత తీసింది. వరసలో ముందున్నవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. అడుగున నల్లగా, రాయిలా, ఏడాది నాటి దద్దోజనం.

"ఆంటీ, ఇది మీ దగ్గర ఉండిపోయింది."

"నా చేత్తో వాడికి నేనే పోశానని నలుగురిలో నాతోనే చెప్పించావు," అంది రమామణి. "ఇంకా కసి తీరలేదా నీకు?"

"నా చేతుల గురించి మీరూ నలుగురిలోనే చెప్పారు. కడగండి ఆంటీ. అంటుకోదు."

ఎవరైనా అడ్డం వస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. సృజన్ వరసలోనే ఉన్నాడు. తల దించుకున్నాడు. రమామణి గాజులు మోచేతిదాకా తోసుకుంది, కొంగు బిగించింది, వేడినీళ్ళు వదిలింది. పీచు సరిపోక చెంచాతో గీకింది. ఆ గీకుడు చప్పుడు తప్ప వంటగదిలో ఇంకేం వినపడలేదు. ఆవిడ కళ్ళ నీళ్ళు గిన్నెలోనే పడ్డాయి. అమూల్య చేతులు కట్టుకుని, గోడకి ఆనుకుని, అన్నీ చూసింది. నేనే మొహం తిప్పుకున్నాను.

అంతలో హెలెన్ వచ్చింది. విందు తర్వాత అందరూ కలిసి గిన్నెలు కడుక్కోవడం ఇక్కడి కీవీల మర్యాద. సంతోషంగా, గోడకి వేలాడుతున్న తుండు తీసుకుని రమామణి పక్కన నిలబడింది. "భలే కలిసిమెలిసి పనిచేస్తారు మీవాళ్ళు," అంది నాతో. నేను తల ఊపాను.

గిన్నె తళతళలాడింది. హెలెన్ తుడవబోతుంటే అమూల్య చెయ్యి అడ్డం పెట్టి, అంచు చుట్టూ వేలితో తడిమి చూసింది.

"అంచు కింద ఇంకా ఉంది ఆంటీ."

రమామణి గిన్నె వెనక్కి తీసుకుని మళ్ళీ కడిగింది.

ఇప్పుడు అమూల్య టౌరంగా అనే ఊళ్ళో ప్రజారోగ్య ఉద్యోగంలో ఉంది. ఆ గిన్నె కూడా ఆమెతోనే వెళ్ళింది. ఆరోజు ఇంటికి వస్తుంటే అది వెనక సీట్లో, సీటుబెల్టు కట్టి, ఎండకి మెరుస్తోంది. ధైర్యం చేసి, "ఇక చాలా?" అని అడిగాను.

అమూల్య అద్దంలోంచి గిన్నె వైపు చూసింది.

"సబ్బు తక్కువేసింది," అంది.